నీళ్లు తక్కువున్న ఇంటికి కాగితం పూలా, గన్నేరా? ఎంచుకోవడం, నాటడం, పూయించడం

అనంతపురంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు గేటు పక్కన ఏం నాటాలని అడిగితే ఎవరైనా రెండే పేర్లు చెబుతారు. ఒకటి కాగితం పూల చెట్టు, రెండోది గన్నేరు. ఏడాది మొత్తానికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం మాది. బోర్లున్నా ఏప్రిల్ దాటాక వాటిని నమ్ముకోలేం. అందుకే "రెండిటికీ నీళ్లక్కర్లేదు, ఏదో ఒకటి పెట్టుకోండి" అనే సలహా అందరికీ బాగుంటుంది. కర్నూలు మీదుగా బెంగళూరు పోయే 44వ జాతీయ రహదారి మధ్యలో కూడా ఈ రెండే కదా కనిపిస్తాయి.

నేనూ ఆ మాట విని రెండూ పెట్టాను. స్నానాల గది నీళ్లు బయటికొచ్చే తూము పక్కన కాగితం పూల మొక్క. పడమటి గోడ వెంట, పైపు చేరని చోట, మూడు గన్నేరు మొక్కలు. రెండేళ్లు గడిచాయి. కాగితం పూల తీగ డాబా మీదికెక్కింది. ఒళ్లంతా ఆకే, పువ్వు మాత్రం లేదు. గన్నేర్లు బతికాయి కానీ ఎండలు ముదిరేసరికి మొగ్గలు రాల్చేసి ఊరుకునేవి. మూడో ఏడు వేసవిలో బోరు ఎండింది. ట్యాంకర్ నీళ్లతో కాలం గడిపాం కాబట్టి తూములోకి వెళ్లే నీళ్లు సగానికి సగం తగ్గాయి. నెల తిరగకుండా ఆ తీగ గోడ కనపడనంత పూసింది. గన్నేర్లు మాత్రం ఆకులు వేలాడేసుకుని అలాగే నిలబడ్డాయి.

ఆ వేసవి నాకు అర్థమైన సంగతే ఈ రాతకంతా ఆధారం. గన్నేరు నీళ్లెద్దడిని ఓర్చుకుంటుంది, నీళ్లిస్తే మాత్రం సంతోషంగా పూస్తుంది. కాగితం పూల చెట్టుకు నీళ్లెద్దడి తగిలితేనే పూత వస్తుంది. రెండిటినీ ఒక గాటన కట్టి ఒకేలా పెంచితే ఏదో ఒకటి తప్పక ఇబ్బంది పడుతుంది. మీ ఇంటికి ఏది సరిపోతుందో, తెచ్చాక ఏం చేయాలో వరుసగా చెబుతాను.

మొదట మీ ఇంటి నీళ్ల దారి చూడండి

మొక్క కొనే ముందు ఒక వారం మీ ఆవరణను గమనించండి. రోజూ తడి ఎక్కడ పడుతోంది? తూము ఎక్కడుంది, బట్టలుతికే బండ ఎక్కడుంది, డాబా మీద ట్యాంకు పొంగితే నీళ్లు ఎటు జారుతున్నాయి? వాన పడ్డాక రెండో రోజు కూడా తడి ఆరని మూల ఏది?

రోజూ తడి పడే చోటు గన్నేరుది. వాన తప్ప వేరే నీళ్లు చేరని గోడ పక్క, మెట్టు మీద, రాళ్లున్న చోటు కాగితం పూలది. నర్సరీకి వెళ్లి రంగులు చూస్తే మనసు మారిపోతుంది కాబట్టి ఈ నిర్ణయం ఇంట్లోనే చేసుకుని వెళ్లండి.

ఎందుకిలా అంటే ఆ మొక్కల పుట్టిల్లు చూడాలి. గన్నేరు మధ్యధరా సముద్ర తీరాల నుంచి మన ఆసియా దాకా వాగుల ఒడ్డున సహజంగా పెరిగే మొక్క. ఆ వాగుల్లో ఏడాదికి కొన్నాళ్లే నీళ్లు పారతాయి. పారినప్పుడు వేర్లు నీళ్లలో మునిగినా తట్టుకుంటుంది, ఎండిపోయినప్పుడు లోతున ఉన్న తడిని పట్టుకుని బతుకుతుంది. ఆకు దళసరిగా తోలులా ఉంటుంది, పైన మైనం పూసినట్టు మెరుస్తుంది. దాని అడుగువైపు కంటికి కనపడనంత చిన్న గుంటలుంటాయి, వాటిలో సన్నని నూగు. ఆకు గాలి పీల్చుకునే రంధ్రాలు ఆ గుంటల్లో ఉంటాయి కాబట్టి వడగాలి నేరుగా తగలదు, తడి వృథాగా పోదు.

కాగితం పూల చెట్టు దక్షిణ అమెరికాది. 1767లో ఫ్రెంచ్ నావికుడు బూగన్‌విల్ ఓడల్లో వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞుడు కొమ్మెర్సన్ రియో డి జనీరో దగ్గర ఈ మొక్కను సేకరించాడు. బోగన్‌విల్లియా అనే పేరు ఆ నావికుడి నుంచి వచ్చిందే. అదే యాత్రలో మగవేషం వేసుకుని కొమ్మెర్సన్‌కు సహాయకురాలిగా జాన్ బారే అనే మహిళ వెళ్లింది. భూమి చుట్టూ తిరిగొచ్చిన తొలి మహిళగా చరిత్ర ఆమెనే చెబుతుంది. మన గేటు మీద పూసే పువ్వు వెనక అంత కథ ఉందని తెలిశాక నాకు దానిమీద గౌరవం పెరిగింది.

మనం పువ్వు అనుకునే ఆ రంగు రేకులు నిజానికి ఆకులే. మూడేసి కలిసి ఉంటాయి, వాటి మధ్యలో సన్నని గొట్టంలా తెల్లగా కనిపించేదే అసలు పువ్వు. ఆ ఎరుపు, గులాబీ రంగులు బీట్‌రూట్‌లో ఉండే జాతి రంగులే. పెరట్లో సాయంత్రం విచ్చే చంద్రకాంత పువ్వు కూడా దీని కుటుంబమే.

చోటు ఖాయం చేయడం

రెండిటికీ ఎండ కావాలి. రోజుకు ఆరు గంటల నేరు ఎండ లేని చోట పెట్టకండి. నీడలో గన్నేరు పొడుగ్గా, బక్కగా సాగి కొసన నాలుగు పూలు పూస్తుంది, కాగితం పూల చెట్టయితే ఆ నాలుగు కూడా పూయదు. దక్షిణం, పడమర గోడలు ఈ రెండిటికీ మంచివి. ఆ గోడల వేడికి మిగతా మొక్కలు మాడిపోతాయి.

తర్వాత ఆ దారిన ఎవరు నడుస్తారో ఆలోచించండి. కాగితం పూల చెట్టుకు ముళ్లుంటాయి. వంకీ తిరిగిన గట్టి ముళ్లు. సన్నని నడవ పక్కన పెడితే చీరలు చిరుగుతాయి, పిల్లల కళ్ల ఎత్తులో కొమ్మలు సాగుతాయి, కత్తిరించి వదిలేసిన ముల్లు స్కూటర్ టైరులో దిగుతుంది. నడక దారికి కనీసం మూడు నాలుగడుగుల దూరం ఉండాలి. కరెంటు తీగల కింద పెట్టొద్దు, పాకి వాటిని పట్టుకుంటుంది.

గన్నేరుకు ముళ్లుండవు కానీ చెట్టంతా విషమే. వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ ఏదీ మినహాయింపు కాదు. అందిందల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు ఇంట్లో ఉంటే గన్నేరు నాటకండి, ఇంకో నాలుగేళ్లు ఆగండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి వాదనా వినను.

మేకలు తిరిగే వీధి అయితే లెక్క తిరగబడుతుంది. ముళ్లున్నా సరే మేకలు కాగితం పూల లేత ఆకుల్ని వదలవు. చేదు వల్ల పచ్చి గన్నేరు జోలికి పశువులు సాధారణంగా రావు. కంచె లేని ఇళ్ల ముందు గన్నేరు మిగిలి ఉండటానికి కారణం అదే.

మట్టిని పరీక్షించండి

అనుకున్న చోట అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు రెండు మూడు గంటల్లో ఇంకితే రెండు మొక్కల్లో ఏదైనా పెట్టొచ్చు. మర్నాటికి కూడా అడుగున నీళ్లు నిలిచి ఉంటే అక్కడ కాగితం పూల చెట్టు వద్దు. ఎండను తట్టుకునే ఆ మొక్క వేర్ల దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది.

ఎర్రనేలల్లో ఈ బాధ ఉండదు. తాడిపత్రి వైపు, కర్నూలు వైపు నల్లరేగడి ఉన్నవాళ్లకే చిక్కు. అలాంటి నేలలో కాగితం పూలే కావాలనిపిస్తే నేల మట్టం మీద అడుగున్నర ఎత్తు దిబ్బ చేసి, ఎర్రమట్టి, ఇసుక కలిపి, దాని మీద నాటండి. గన్నేరుకు ఆ శ్రమ అక్కర్లేదు. ఉప్పు నీళ్ల విషయంలో కూడా గన్నేరే ముందుంది. బకెట్ అంచున తెల్లగా పేరుకునే బోరు నీళ్లతో కూడా అది పెరుగుతుంది. కాగితం పూల చెట్టు కొంతవరకు తట్టుకుంటుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో మాత్రం దాని లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఐరన్ అందకపోవడం వల్ల. నీళ్లు చాల్లేదేమో అనుకుని ఇంకా పోస్తే ఆ జబ్బు ముదురుతుంది.

మొక్క కొనేటప్పుడు

కడియం నర్సరీల నుంచి మన ఊళ్లకు లారీల్లో మొక్కలొస్తాయి. నర్సరీవాళ్లు పూలతో నిండిన మొక్కనే ముందుకు తోస్తారు. కాగితం పూల మొక్కను పూతలో ఉండగా కొనడం మంచిదే, రంగు మన కళ్లతో చూస్తాం. ఇంటికి తెచ్చాక ఆ పూలన్నీ వారంలో రాలిపోతే భయపడకండి, చోటు మారినందుకు అలా చేస్తుంది. కాండం మొదలు చూపుడు వేలంత లావు ఉందా, సంచి అడుగున వేర్లు బయటికి పొడుచుకొచ్చి నేలలో దిగలేదు కదా అని చూసుకోండి. నేలలో దిగిన వేరును తెంచి ఇస్తే ఆ మొక్క తేరుకోవడం కష్టం.

రకాల్లో మేరీ పామర్ నాకిష్టం. ఒకే కొమ్మ మీద తెలుపు, గులాబీ రెండూ పూస్తుంది. తిమ్మ రకానికి అదే పూత, ఆకు మధ్యలో పసుపు మచ్చ అదనం. పూత లేని నెలల్లో కూడా చూడటానికి బాగుంటుంది. మహారాలో రేకులు గుత్తులుగా ముద్దగా వస్తాయి, ఎండిపోయినా రాలకుండా కొమ్మనే అంటిపెట్టుకుంటాయి. ఊడ్చే పని ఎక్కువైందని బాధపడేవాళ్లకు అది అనువు, ఎండు పూలు చూడలేనివాళ్లకు కాదు.

గన్నేరు అని అడిగేటప్పుడు ఏ గన్నేరో చెప్పండి. మన భాషలో ఆ పేరు నాలుగు మొక్కలకుంది. నేను చెబుతున్నది ఎర్రగా, గులాబీగా, తెల్లగా పూసే మామూలు గన్నేరు. పచ్చ గన్నేరు వేరే చెట్టు. గంటల్లాంటి పసుపు పూలు, గట్టి కాయలు, అది దీనికంటే ప్రమాదం. బిళ్ళ గన్నేరు అడుగెత్తు మొక్క. దేవ గన్నేరు పెద్ద చెట్టు. నాలుగూ ఒకే కుటుంబానివి కావడం వల్ల మన పెద్దలు పెట్టిన పేరు తప్పేమీ కాదు, కొనేటప్పుడే తికమక. వాసన కావాలంటే ముద్ద గన్నేరు తీసుకోండి, సాయంత్రం పూట తియ్యటి వాసన వస్తుంది. తక్కువ పని కావాలంటే రేక గన్నేరు మేలు. ముద్ద పూలు వాడాక కొమ్మ మీదే గోధుమ రంగుకు తిరిగి వేలాడతాయి.

కొనకుండా కొమ్మతో పెంచాలంటే గన్నేరు సులువు. పెన్సిల్ లావు కొమ్మను జానెడు ముక్కగా కోసి, పైన రెండు ఆకులుంచి, తడి ఇసుకలో గుచ్చండి. సీసాడు నీళ్లలో పెట్టినా కొన్ని వారాల్లో వేరొస్తుంది. ఆ సీసాలో నీళ్లూ విషమేనని ఇంట్లో అందరికీ చెప్పండి, వంటింట్లో మాత్రం పెట్టకండి. కాగితం పూల కొమ్మ అంత తేలిగ్గా వేరు పట్టదు. జూలై, ఆగస్టు నెలల్లో ముదిరీ ముదరని కొమ్మలు, జానెడు ముక్కలు, పది గుచ్చితే నాలుగైదు బతకొచ్చు. మేరీ పామర్ లాంటి రంగు రకాలు ఇంకా మొండివి, వాటిని కొనుక్కోవడమే మంచిది.

నాటడం

మన వైపు మంచి వాన సెప్టెంబరులో పడుతుంది. జూలై చివర నుంచి సెప్టెంబరు మొదటి వారం లోపల నాటితే ఆ వానలన్నీ మొక్కకు అందుతాయి. మార్చిలో నాటిన మొక్కకు పోసే నీళ్లు మీరు దాచుకోవాలనుకున్న నీళ్లకంటే ఎక్కువే అవుతాయి.

గుంత ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు. తీసిన మట్టిలో రెండు బొచ్చెల బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. కాగితం పూల గుంతలో ఎరువు సగానికి తగ్గించి ఆ మేరకు ఇసుక వేయండి. కంచెలా పెంచాలంటే గన్నేరుకు గన్నేరుకు ఐదారు అడుగులు, కాగితం పూలకు ఏడెనిమిది అడుగుల ఎడం.

సంచి విప్పే పద్ధతి రెండిటికీ ఒకటి కాదు. గన్నేరు మట్టిగడ్డను చేత్తో కాస్త వదులు చేసి వేర్లు విడదీసి నాటొచ్చు. కాగితం పూల మొక్కను అలా చేస్తే చచ్చిపోతుంది. దాని వేర్లు చాలా సున్నితం, ముట్టుకుంటే తెగుతాయి. సంచి అడుగును బ్లేడుతో కోసి, మొక్కను గుంతలో దించాక, పక్కల నుంచి చీల్చి సంచిని పైకి లాగేయండి. మట్టిగడ్డ విరగకూడదు. ఒకసారి నాటాక దాన్ని ఇంకో చోటికి మార్చాలని చూడకండి.

మొక్క చుట్టూ రెండడుగుల వెడల్పున పాదు చేసి, దానిలో మూడంగుళాల మందాన వేరుశనగ పొట్టో, ఎండుటాకులో పరవండి. కాండానికి మాత్రం తగలనివ్వకండి. నీళ్లెద్దడి ఊళ్లో ఆ పొర ఒక బిందె నీళ్లతో సమానం.

మొదటి ఏడాది

నీళ్లక్కర్లేని మొక్క అనే మాట రెండో ఏడాది నుంచే నిజం. మొదటి ఏడాది రెండిటికీ నీళ్లు కావాలి. నాటిన నెల రోజులు రెండు రోజులకొకసారి ఒక బకెట్, వాన పడితే మానేయండి. తర్వాత చలికాలంలో వారానికోసారి, వేసవిలో నాలుగు రోజులకోసారి. రోజూ చెంబెడు పోయడం కంటే నాలుగు రోజులకోసారి బకెట్ నిండా పోయడం మంచిది. పైపైన తడిపితే వేరు పైనే ఉండిపోతుంది. లోతుకు తడి దిగితే వేరు దాని వెంట దిగుతుంది.

కాగితం పూలు పూయించడం

రెండో ఏడాది నుంచి ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. "బాగా చూసుకుంటున్నాం, అయినా పూయట్లేదు" అంటారు. బాగా చూసుకోవడం వల్లే పూయట్లేదు. ఒక ఆకు మొదట్లో ఉన్న మొగ్గ ముల్లుగా మారొచ్చు, పూగుత్తిగా మారొచ్చు, రెండూ పుట్టేది ఒకే చోటి నుంచి. నీళ్లూ నత్రజని ఎరువూ దండిగా దొరికితే చెట్టు కొమ్మలు సాగిస్తూ, ముళ్లు వేస్తూ పోతుంది, పూత సంగతి మరిచిపోతుంది.

వేసవి పూత అయిపోయాక, జూన్‌లో, గట్టిగా కత్తిరించండి. పోయినేడాది పెరిగిన కొమ్మల్లో సగం దాకా తీసేయొచ్చు. చేతికి దళసరి తోలు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, ఆ రసం కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది. వానాకాలంలో కొత్త కొమ్మలొస్తాయి, వాటిని రానివ్వండి. అక్టోబరు చివర్లో ఆ లేత కొమ్మల కొసలు గోటితో చిదిమేయండి. ప్రతి కొసకూ రెండు మూడు పిలకలొస్తాయి, పూత వచ్చేది వాటి చివర్లలోనే.

కార్తీకం నుంచి రాత్రులు పొడుగవుతాయి, వానలు ఆగుతాయి. ఈ చెట్టుకు ఆ రెండూ ఇష్టం. అప్పుడు నీళ్లు పూర్తిగా ఆపండి. నేలలో ఉన్న పెద్ద మొక్కకు రెండు మూడు వారాలు చుక్క పోయకండి. ఆకులు మెత్తబడి వేలాడతాయి, కొన్ని రాలిపోతాయి. చూడలేక చెంబెడు నీళ్లు పోయాలనిపిస్తుంది, ఆగండి. కొసలు గట్టిగా, పచ్చగా ఉన్నంతవరకు ఏమీ కాదు. కొసలే వాలిపోతే ఒక బకెట్ పోసి మళ్లీ ఆపండి. కొమ్మ చివర్ల దగ్గర గింజంత రంగు మొగ్గలు కనిపించాక వారానికోసారి ఒక బకెట్ మొదలుపెట్టండి. అప్పుడు కూడా పోయకపోతే రంగు తేలకుండానే రాలిపోతాయి.

ఎరువు విషయం చిన్నదే. యూరియా జోలికి పోకండి. జూన్ కత్తిరింపు తర్వాత ఒకసారి పశువుల ఎరువు, అక్టోబరులో గుప్పెడు కట్టెల బూడిద, అంతే. పూత విడత అయ్యాక పూసిన కొసల్ని అరచేతి పొడవు కత్తిరిస్తే నెలన్నర, రెండు నెలల్లో ఇంకో విడత వస్తుంది. మా ఇంట్లో చలికాలం నుంచి మే దాకా మూడు విడతలు పూస్తుంది.

గన్నేరును చూసుకోవడం

దీనికి ఎండగట్టే పని లేదు. ఎంత నీళ్లిస్తే అంత పూత. నీళ్లు లేకపోయినా చావదు. వేరు పట్టిన గన్నేరుకు వేసవిలో పది రోజులకో బకెట్ పోస్తే పూత ఆగదు. నెలకోసారి పోస్తే పచ్చగా బతుకుతుంది, పూలు తగ్గుతాయి. ఎన్ని బకెట్లు వెచ్చించగలరో మీ ఇష్టం.

పూలు కొత్త కొమ్మల చివరే వస్తాయి కాబట్టి వాన మొదలయ్యే ముందు కొమ్మల్ని మూడో వంతు తగ్గించండి. కోసిన చోటికి కిందనే మూడేసి కొత్త కొమ్మలు వస్తాయి, ఆకులు మూడేసి ఉన్నట్టే. కాండం మొదట్లో, నేల దగ్గర పుట్టే పిలకల్ని చిన్నగా ఉన్నప్పుడే పీకేస్తే చెట్టు ఒక ఆకారంలో ఉంటుంది. అడ్డంగా, గుబురుగా కావాలంటే వదిలేయండి. దుమ్ము కొట్టే రోడ్డు పక్క ఇళ్లకు గుబురే మేలు.

తెగుళ్లు తక్కువే. చలికాలం చివర్లో లేత కొసల మీద పసుపు రంగు పేనుబంక గుంపులుగా చేరుతుంది. నీళ్లు గట్టిగా చిమ్మితే సగం రాలిపోతుంది, మిగతాదానికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. పిండినల్లికి కూడా అదే మందు, రెండు చెట్లకూ. వేలెడు లావున, తల దగ్గర రెండు నీలి కళ్లలాంటి మచ్చలతో ఒక ఆకుపచ్చ గొంగళి పురుగు కనిపిస్తుంది. రెండు రోజుల్లో కొమ్మ ఖాళీ చేస్తుంది, తొడుగులు వేసుకుని ఏరేయండి. కానీ ఆకు కింద వెండి బొట్టులా మెరుస్తూ ఏదైనా వేలాడుతుంటే ముట్టుకోకండి. అది గోధుమ రంగు రెక్కల మీద తెల్ల చుక్కలుండే సీతాకోకచిలుక గూడు. దాని పిల్ల గన్నేరు విషాన్ని తిని ఒంట్లో దాచుకుంటుంది, ఆ చేదుకు పిట్టలు దాని జోలికి రావు. మా పిల్లలు ప్రతి ఏడాదీ ఆ గూళ్లు లెక్కపెడతారు. దూరం నుంచే.

విషం సంగతి సూటిగా

వినాయక చవితికి మనం పూజించే 21 పత్రుల్లో కరవీర పత్రం ఉంది, అది గన్నేరాకే. ఎర్ర గన్నేరు పూలు గుడికి తీసుకెళ్తాం. పూజలో ఉన్నదని దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ పత్రుల్లోనే ఉమ్మెత్త కూడా ఉంది కదా. పూలు కోశాక, పత్రి సర్దాక, చేతులు సబ్బుతో కడుక్కోండి. పూజ పత్రిని పశువుల ముందు పారేయకండి.

గన్నేరులో గుండె కొట్టుకునే తీరును దెబ్బతీసే పదార్థాలున్నాయి, వాటిలో ఒలియాండ్రిన్ ముఖ్యం. ఎండినా ఆ విషం పోదు. పచ్చి ఆకు చేదుకు దూరంగా ఉండే ఆవు, ఎండిన ఆకులు మేతలో కలిసిపోతే తినేస్తుంది. అందుకే కత్తిరించిన కొమ్మల్ని కుప్పగా వదిలేయకండి, గడ్డివాము దగ్గర అసలే వద్దు. పొయ్యిలో పెట్టకండి, చెత్తతో కలిపి కాల్చకండి, ఆ పొగ కూడా మంచిది కాదు. కూరగాయల మళ్లకు వాడే కంపోస్టులో వేయకండి. లోతుగా గుంత తీసి పూడ్చండి. దాని పుల్లతో పళ్లు తోమడం, కూర కలపడం, ఏదైనా గుచ్చి కాల్చడం చేయకూడదని పనికి వచ్చేవాళ్లకు కూడా చెప్పండి.

పిల్లలు ఎవరైనా నమిలారని అనుమానం వస్తే నోట్లో ఉన్నది తీసేసి, నోరు కడిగి, వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించడం, పసరు పోయడం వద్దు. నమిలిన కొమ్మ ముక్కను ఒక కవర్లో వేసి తీసుకెళ్తే డాక్టరుకు పని సులువవుతుంది. ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో కూర్చోకండి, గుండె మీద ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా కనిపించొచ్చు.

కుండీల్లో అయితే

డాబా మీద కుండీకి నా ఓటు కాగితం పూలకే. 14, 16 అంగుళాల కుండీ చాలు, వేర్లు కుండీ నిండా బిగుసుకుంటే ఇంకా బాగా పూస్తుంది. రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు ఇసుక, ఒక వంతు ఎరువు. అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా పెంకులు పరవండి. వానాకాలంలో కుండీ కింది పళ్లెం తీసేయండి. గన్నేరును కుండీలో పెడితే వేసవిలో రోజూ నీళ్లడుగుతుంది. నేలలో ఉన్నప్పుడు లోతుకు దిగి నీళ్లు వెతుక్కునే వేరుకు కుండీలో వెతుక్కోవడానికి చోటుండదు. నీళ్లు మిగుల్చుకోవాలనుకునేవాళ్లు దాన్ని నేలలోనే పెట్టాలి.

ఇప్పటికే తప్పు చోట పెట్టినవాళ్లకు

మా ఇంట్లో తూము పక్కన ఉన్న కాగితం పూల చెట్టును పీకి వేరే చోట నాటితే చచ్చిపోతుందని తెలుసు. అందుకే చెట్టును కదపకుండా నీళ్లను మళ్లించాను. మీరూ చేయొచ్చు, రెండు పూటల పని. తూము నోటి నుంచి గన్నేర్ల దాకా జానెడు వెడల్పు, జానెడు లోతు కాలువ తీయండి. పది అడుగులకు రెండంగుళాల చొప్పున వాలు ఉంటే చాలు, గాజు సీసాలో సగం నీళ్లు పోసి పడుకోబెట్టి చూస్తే వాలు ఎటుందో తెలుస్తుంది. అడుగున గులకరాళ్లు పరవండి, లేకపోతే సబ్బు నురగ పేరుకుని వాసనొస్తుంది, దోమలు చేరతాయి. ప్రతి గన్నేరు దగ్గరా కాలువను పాదులోకి తెరవండి. స్నానం నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు పంపొచ్చు. బ్లీచింగ్, యాసిడ్ పోసి గది కడిగిన రోజు మాత్రం తూము నోటికి ఒక రాయి అడ్డం పెట్టి ఆ నీళ్లు బయటి కాలువలోకి వదిలేయండి. ఏడాదంతా సబ్బు నీళ్లే పారితే మట్టి బిగుసుకుంటుంది కాబట్టి సెప్టెంబరు వానలప్పుడు డాబా గొట్టం నీళ్లను రెండు మూడుసార్లు ఆ కాలువలోకే వదలండి.